చెవిన వేయడం

శనివారం సాయంత్రం ఆరింటికి
ఔలు నగరంలో, మా అపార్ట్‌మెంటు నేలమాళిగలో,
తువ్వాళ్లు చుట్టుకున్న ఏడుగురం
చల్లటి రాళ్ల ముందు కూర్చున్నాం.
సౌనా పొయ్యి వెలగలేదు.

బిల్డింగు చూసుకునే రైమో
గోడ మీది పెట్టె మూత విప్పాడు.
"పొద్దున కరెంటు పోయింది.
వచ్చాక ఇది బాగానే లేచింది మరి."

లేచిన మాట నిజమే.
ఆ రాత్రి దాని చిట్టా మొత్తం చదివాను.
లేవగానే ఇవాళ ఏ రోజని అడిగింది.
బ్యాటరీ చచ్చిన గడియారం
పంతొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటి,
గురువారం అంది.
ఓహో, శనివారానికింకా రెండు రోజుల పైమాటే అని
లెక్క కట్టుకుని, పాపం, పడుకుంది.
పదకొండు సెకన్లకి నెట్‌వర్క్ వచ్చింది.
గడియారం అర్ధశతాబ్దాన్ని ఒక్క గంతులో దాటింది.
పడుకున్నదాన్ని
ఎవరూ తట్టి లేపలేదు.

లేపమని చెప్పుకునే చోటే
మేం కట్టలేదు.
మేం అంటే నేను.
కెర్నల్‌లో కాలం చూసుకునే మూల
పంతొమ్మిదేళ్లుగా నాది.

సోమవారం తపానీ అన్నాడు: దండోరా వేద్దాం.
వేస్తే మూడొందల ప్రోగ్రాములు
ఒక్కసారి ఉలిక్కిపడి లేస్తాయి,
రెండొందల తొంభై
"నాకెందుకు చెప్పారు" అని గొణిగి మళ్లీ ముసుగేస్తాయి.
ఆ గోలకి ఫోను ఛార్జి సగం హారతి కర్పూరం.

మింటు, కొత్తగా చేరిన పిల్ల, అంది:
నిమిషానికోసారి వాళ్లనే అడగమందాం.
ఊరొచ్చిందా, ఊరొచ్చిందా అని
రైల్లో పిల్లాడు అడిగినట్టా?
నిద్రన్నాక నిద్రపోనివ్వాలి కదా.

నేను బోర్డు మీద గీసింది చిన్నదే.
కావాలన్నవాడు చీటీ రాసిచ్చి పడుకుంటాడు.
ముల్లుని ఎవరైనా చేత్తో తిప్పితే
చీటీ చిరుగుతుంది.
ఆ చప్పుడుకి వాడొక్కడే లేస్తాడు.

"ఎంత తిప్పారో చెప్పొద్దా?" మింటు అడిగింది.
మొదటి చిత్తులో ఆ గడి ఉంది.
మూడు రోజులు ఉంచి, కొట్టేశాను.
కబురు చెవిన పడేలోపు
ఎవరో మళ్లీ తిప్పి ఉండొచ్చు.
వాడు ఆ పాత అంకె పట్టుకుని
కూడికలు మొదలెడతాడు,
అక్కడి నుంచి అన్నీ తప్పులే.
మారిందని మాత్రం చెప్పు.
ఇప్పుడెంతయిందో
కళ్లు నులుముకుని వాడినే చూసుకోమను.

"మరి అక్టోబరు ఆఖరి ఆదివారం?
నాలుగు మళ్లీ మూడవుతుందే?
అప్పుడూ చిరుగుతుందా?"
చిరగదు.
ఆ గంటని మడత పెట్టింది మనుషులు,
లోపలి లెక్కకి మడతల్లేవు.
ఆ రాత్రి మా చెల్లెలు సిర్కా
ఆసుపత్రిలో మూడుంబావు అని రెండుసార్లు రాస్తుంది,
ఎనిమిది గంటల డ్యూటీ తొమ్మిది గంటలు చేస్తుంది.
కాగితం ఎలా సర్దుకున్నా
పిక్కల నొప్పి తొమ్మిదే అంటుంది.
ప్రతి యంత్రంలోనూ అలాంటి గడియారం ఇంకొకటుంది,
ఎవరూ వెనక్కి తిప్పలేనిది.
దాన్ని గంటెంతయిందని అడక్కు, దానికి తెలీదు.
ఎంతసేపైందో అడుగు.

ముప్పై ఒక్క లైన్లు రాశాం. సమీక్షకి ఐదు నెలలు పట్టింది.
ఒక్క మాట దగ్గరే ఎక్కువ పోట్లాట:
చీటీ చిరిగితే వచ్చే జవాబు
తప్పుల జాబితాలోంచి వస్తుంది, దాని పేరు రద్దు.
చదివినవాడు కంగారుపడతాడని
కింద ఒక వాక్యం చేర్చాను:
*ఇది నీ పొరపాటు కాదు. లేచి చూడు.*
సాంకేతిక పత్రంలో ఇదేం భాష అన్నాడు తపానీ.
ఉండనిచ్చాడు.

మొన్న శనివారం కావాలనే
రైమో చేత మెయిన్ తీయించి, మళ్లీ వేయించాను.
ఆరింటికి రాళ్లు బుస్సుమన్నాయి.

ఆవిరిలోంచి చూస్తే
తలుపవతల గోడగడియారం ఏడు నిమిషాలు ముందుంది.
జనం త్వరగా ఖాళీ చేస్తారని
రైమోనే తిప్పి పెట్టాడట,
ఎన్నేళ్ల కిందటో.
ఎవరి చెవినా వేయలేదు.